కణం ఆకలికి చచ్చిందా, పెరాక్సైడ్‌కు చచ్చిందా? ఎల్‌ఏఏఓ మీద ప్రాజెక్టు చేసేవాళ్ల కోసం

"సార్, పాము విషం ఎంజైమ్ వేసినం, క్యాన్సర్ కణాలన్నీ చచ్చిపోయినయ్."

"ఎందుకు చచ్చినయ్?"

"ఎంజైమ్ వేసినం కద సార్."

ప్రతి ఏడూ ఫిబ్రవరి వచ్చిందంటే హనుమకొండలో మా ల్యాబ్ గుమ్మం దగ్గర ఈ సంభాషణ కనీసం నాలుగుసార్లు నడుస్తుంది. పిల్ల చేతిలో గ్రాఫ్ ఉంటుంది, ఎంజైమ్ డోసు పెరిగేకొద్దీ గీత నున్నగా కిందికి దిగుతుంది, ముఖంలో ఒక వెలుగు. నేను ఆ ఒక్క ప్రశ్న అడగ్గానే వెలుగు పోతుంది. వైవాలో బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్ కూడా అదే అడుగుతాడు కాబట్టి, ఆ ప్రశ్నకు జవాబు ప్లేట్ (కణాల్ని పెంచే చిన్న చిన్న గుంటల పళ్లెం) మీదనే ఎలా రాబట్టాలో ఇక్కడ రాస్తున్నాను. కల్చర్, అంటే ల్యాబ్‌లో కణాల్ని పెంచడం, అసలు ఎప్పుడూ చేయనివాళ్లు కూడా చదవొచ్చు, మధ్యలో లెక్కలు వస్తే దాటేయండి.

ముందు ఈ ఎంజైమ్ ఏం చేస్తుందో కళ్లముందు పెట్టుకోవాలి. పేరు ఎల్ అమైనో యాసిడ్ ఆక్సిడేజ్, అందరూ ఎల్‌ఏఏఓ అంటారు. ఒక అమైనో ఆమ్లాన్ని, అంటే ల్యూసిన్ అనుకోండి, పట్టుకుంటుంది, ఆక్సిజన్‌నూ నీళ్లనూ వాడుకుని మూడింటిని వదులుతుంది: ఒక కీటో ఆమ్లం, అమ్మోనియా, హైడ్రోజన్ పెరాక్సైడ్. పని చేయడానికి దాని కడుపులో ఎఫ్‌ఏడీ అనే చిన్న అణువు ఉంటుంది, అది పసుపు రంగు. రక్తపింజర విషం ఎండబెడితే బతుకమ్మ మీద పేర్చే తంగేడు పువ్వు లెక్క పచ్చగా కనబడటానికి కారణం ఇదే. పాము విషంలో ఈ ఎంజైమ్ ఉందని 1944లోనే జెల్లర్, మారిట్జ్ అనే ఇద్దరు చూపించారు. అది కణాల్ని ఒక పద్ధతి ప్రకారం చంపుతుందని తెలియడానికి మాత్రం 1990ల దాకా ఆగాల్సి వచ్చింది. 1997లో అమెరికా గిలక పాము విషంలో దొరికినదానికైతే ఏకంగా అపాక్సిన్ అనే పేరే పెట్టారు, అపోప్టోసిస్ (కణం పద్ధతిగా తనను తాను చంపుకోవడం) తెస్తుంది కదా అని.

పాముల్లోనే ఉంటుందని అనుకోకండి. ఆఫ్రికా రాక్షస నత్త జిగురులో అచాసిన్ ఉంది, బ్యాక్టీరియాను చంపుతుంది. సముద్రపు కుందేలు అని పిలిచే ఒక మెత్తని జీవి భయపడితే ఊదా రంగు సిరా చిమ్ముతుంది, ఆ సిరాలోనూ ఇలాంటి ఎంజైమే ఉంది, కాకపోతే దానికి ఇష్టమైన తిండి లైసిన్, ఆర్జినిన్. పాము ఎంజైమ్‌కేమో ల్యూసిన్, ఫినైల్ అలనిన్, మెథియోనిన్ లాంటి నీళ్లంటే గిట్టని అమైనో ఆమ్లాలు ఇష్టం. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. నాకు అన్నిటికంటే నచ్చేది మాత్రం చేప కథ. మ్యాకరెల్ చేపలో అనిసాకిస్ అనే పురుగు లార్వాలు చొరబడితే వాటి చుట్టూ చేప ఒక తొడుగు కడుతుంది. ఆ తొడుగులో ఏఐపీ అనే ప్రొటీన్ దొరికింది, అది లైసిన్‌ను తింటుంది. ఆ కథ మళ్లీ చెప్తాను.

ఇప్పుడు అసలు తిరకాసు. ఎంజైమ్ వేసిన వెల్‌లో (ప్లేట్ మీది ఒక గుంటలో) ఒకేసారి రెండు జరుగుతున్నాయి. మీడియంలో, అంటే కణాలు పెరిగే పోషక ద్రవంలో, ఉన్న తిండి తగ్గిపోతోంది, మీడియంలో లేని విషం పెరిగిపోతోంది. కణం చచ్చింది ఎంజైమ్ తిన్నదాని వల్లనా, వదిలినదాని వల్లనా? ఈ రెండూ విడదీయకుండా ఎన్ని గ్రాఫులు గీసినా అది సగం ప్రాజెక్టే.

విడదీసే ఆయుధం కాటలేజ్. పెరాక్సైడ్‌ను నీళ్లుగా, ఆక్సిజన్‌గా విరగ్గొడుతుంది. నేను పిల్లలకు దీన్ని పుస్తకంలో చూపించను. పొద్దున్నే మటన్ దుకాణంలో యాభై గ్రాముల మేక కార్జం తెప్పిస్తాను, మెడికల్ షాపులో పెరాక్సైడ్ సీసా ఒకటి. కార్జాన్ని రెండు ముక్కలు చేసి ఒకటి పచ్చిగా, ఒకటి నీళ్లలో పది నిమిషాలు ఉడకబెట్టి, రెండింటి మీదా చెరో చెంచాడు పెరాక్సైడ్ పోస్తే పచ్చిముక్క బుస్సుమని పొంగుతుంది, తెల్లటి నురుగు గిన్నె అంచు దాకా వస్తుంది, గిన్నె పట్టుకుంటే వెచ్చగా తగులుతుంది. ఉడికిన ముక్క మీద నాలుగు బుడగలు కూడా రావు. మీ ప్లేట్‌లో పెట్టాల్సిన కంట్రోల్ ఇదే అని అప్పుడు చెప్తాను: పచ్చి కాటలేజ్ ఒక వెల్‌లో, ఉడికించిన కాటలేజ్ పక్క వెల్‌లో. పచ్చిది కణాన్ని కాపాడి, ఉడికించింది కాపాడకపోతే, కాపాడింది కాటలేజ్ పనే, అందులో ఉన్న ప్రొటీనో ఉప్పో కాదు. (కొనేటప్పుడు థైమాల్ కలపని కాటలేజ్ చూసి కొనండి. కొన్ని సీసాల్లో పాడుకాకుండా థైమాల్ కలుపుతారు, అది కణాలకు పడదు, మీరు పరేషాన్ అవుతారు.)

ప్లేట్ ముట్టుకునే ముందు కాగితం మీద ఒక లెక్క వేయాలి, చాలామంది వేయరు. మీరు వాడే మీడియంలో తిండి ఎంత ఉంది? ఆర్‌పీఎంఐ 1640 తీసుకోండి. లీటరుకు ల్యూసిన్ 50 మిల్లీగ్రాములు, ఐసోల్యూసిన్ 50, ఫినైల్ అలనిన్ 15, మెథియోనిన్ 15. అణుభారంతో భాగిస్తే ల్యూసిన్, ఐసోల్యూసిన్ చెరో 0.38 మిల్లీమోలార్, మిగతా రెండూ చెరో 0.1 దగ్గర. ఒక అణువు తింటే ఒక పెరాక్సైడ్ వదులుతుంది కాబట్టి పాము ఎంజైమ్ ఈ నాలుగింటినీ పూర్తిగా తినేస్తే పుట్టే పెరాక్సైడ్ మొత్తం దాదాపు 1 మిల్లీమోలార్. హెచ్‌ఎల్ 60 లాంటి లుకేమియా కణాలకు అందులో పదోవంతు కూడా చాలా ఇబ్బందే. అంటే తిండి పూర్తిగా అయిపోయే లోపే విషం సరిపడా తయారవుతుంది. పాము ఎంజైమ్‌తో చేసేవాళ్లకు ముందే చెప్పొచ్చు, మీ కణాలు ఆకలి దాకా వెళ్లకపోవచ్చు.

అదే డీఎంఈఎం అనే వేరే మీడియం వాడితే ఇంకో మెలిక ఉంది. కొన్ని రకాల డీఎంఈఎంలో 1 మిల్లీమోలార్ పైరువేట్ ఉంటుంది. పైరువేట్ పెరాక్సైడ్‌తో నేరుగా కలిసి దాన్ని ఖాళీ చేస్తుంది, ఏ ఎంజైమూ అక్కర్లేదు. ఒకే ఎంజైమ్, ఒకే కణాలు, మీ దగ్గర చచ్చి మీ దోస్తు దగ్గర బతికితే కొట్లాడుకోకండి, ఇద్దరూ మీడియం సీసా మీది లేబుల్ చదవండి. మీడియంలో కలిపే సీరం (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) శాతం కూడా రాసుకోవాలి, ఎందుకంటే సీరంలో కూడా పెరాక్సైడ్‌ను మింగేవి ఉంటాయి. 10 శాతం సీరంలో వచ్చిన ఫలితాన్ని 2 శాతంతో పోల్చకూడదు.

సరే, ప్లేట్. కణాలు మాత్రమే ఉన్న వెల్, ఎంజైమ్ వేసినది, ఎంజైమ్‌తో పాటు కాటలేజ్, ఎంజైమ్‌తో పాటు ఉడికించిన కాటలేజ్, ఉడికించిన ఎంజైమ్, కాటలేజ్ ఒక్కటే, పెరాక్సైడ్ ఒక్కటే. ప్రతిదీ మూడు వెల్స్‌లో. కణాలు లేకుండా మీడియంలో ఎంజైమ్ మాత్రమే వేసిన వెల్ కూడా పెట్టండి, ఎంటీటీ (బతికున్న కణాల్ని రంగుతో అంచనా వేసే పరీక్ష) రంగు కణాల వల్ల కాకుండా మందు వల్లనే వస్తోందా అని తెలుస్తుంది. పెరాక్సైడ్ ఒక్కటే వేసే వెల్‌తో జాగ్రత్త. బిందెడు నీళ్లు ఒక్కసారి కుమ్మరించడానికీ, నల్లా సన్నగా రాత్రంతా కారడానికీ తేడా ఉంది కదా. సీసాలోని పెరాక్సైడ్‌ను వెల్‌లో ఒక్కసారే వేస్తే కణాలు దాన్ని కాసేపట్లో తినేసి ఊపిరి పీల్చుకుంటాయి. ఎంజైమ్ అలా వదలదు, బొట్టు బొట్టుగా పోస్తూనే ఉంటుంది. అందుకని సరైన పోలిక కావాలంటే గ్లూకోజ్ ఆక్సిడేజ్ వేయండి. అది మీడియంలోని గ్లూకోజ్‌ను తిని అలాగే బొట్టు బొట్టుగా పెరాక్సైడ్ ఇస్తుంది, అమైనో ఆమ్లాల్ని ముట్టదు. రెండు వెల్స్‌లోనూ చావు ఒకేలా నడిస్తే మీ ఎంజైమ్ చంపేది పెరాక్సైడ్‌తోనే అనే మాట బలపడుతుంది.

ఇక ఆకలి వైపు. ఇక్కడే చాలామంది బోర్లా పడతారు, నేనూ పడ్డాను. మీ ఎంజైమ్ లైసిన్ తినే రకం అనుకోండి. తెలివిగా ఆలోచించామనుకుని "లైసిన్ తగ్గిపోవడం వల్ల చస్తే, లైసిన్ మళ్లీ కలిపితే బతకాలి కదా" అని కాటలేజ్ లేని వెల్‌లో లైసిన్ కలుపుతాం. కణాలు ఇంకా తొందరగా చస్తాయి. ఎందుకంటే మనం కలిపింది కణానికి అన్నమే కాదు, ఎంజైమ్‌కు కట్టెలు కూడా. కట్టెలు ఎక్కువైతే మంట ఎక్కువ, పెరాక్సైడ్ ఎక్కువ. కాబట్టి తిండి మళ్లీ కలిపే పరీక్ష ఎప్పుడైనా కాటలేజ్ ఉన్న వెల్‌లోనే చేయాలి. అక్కడ కూడా ఎంజైమ్ ఊరుకోదు, మీరు కలిపిందీ తింటూ పోతుంది. ఒకసారి కలిపి వదిలేయకుండా 12 గంటలకోసారి కొత్తగా కలపండి. ఎంజైమ్ అసలు లేకుండా, లైసిన్ లేని మీడియంలో డయాలసిస్ చేసిన (అమైనో ఆమ్లాల లాంటి చిన్న అణువులు తీసేసిన) సీరంతో కొన్ని కణాలు పెంచితే "వట్టి ఆకలి" ఎలా ఉంటుందో కూడా పక్కనే కనబడుతుంది. మామూలు సీరం వేస్తే అందులోని అమైనో ఆమ్లాలు లోపలికి వచ్చేసి అది ఆకలి కాదు, ఒక్కపొద్దు పేరు చెప్పి అటుకులు తిన్నట్టే.

చేప కథ ఇక్కడ పనికొస్తుంది. 2001లో జపాన్ పరిశోధకులు ఏఐపీ మీద సరిగ్గా ఈ విడదీసే పనే చేసి, అది రెండు దారుల్లో చంపుతుందని చూపించారు. ఒకటి తొందరగా, పెరాక్సైడ్ వల్ల. ఇంకోటి మెల్లగా, లైసిన్ ఖాళీ కావడం వల్ల. నాకు దీంట్లో కనబడే పాఠం ఏమిటంటే గడియారం కూడా ఒక కంట్రోలే. 24 గంటలకు ఒక్క రీడింగ్ తీసుకుని ఇంటికి పోతే రెండు చావులూ ఒక్క బార్‌లో కలిసిపోతాయి. 2, 4, 8, 24, 48 గంటలకు చూడండి. కాటలేజ్ ఉన్న వెల్‌లో 8 గంటలకు కణాలు గుండ్రంగా నిగనిగలాడుతూ ఉండి 48 గంటలకు కుంచించుకుపోతే, అప్పుడు ఆకలి గురించి మాట్లాడటానికి మీకు హక్కు వచ్చినట్టు. 48 గంటలకు ఇంక్యుబేటర్ దగ్గరికి ఆదివారం రావాల్సి వస్తుంది, రావాలి, ఏం చేస్తాం.

లోపల ఏం జరుగుతుందో కూడా వైవాకు తెలిసుండాలి. పెరాక్సైడ్ చిన్న అణువు, పొరలోని నీటి దారుల గుండా లోపలికి జారుతుంది, ఇనుము తగిలితే ఇంకా ఘోరమైన రాడికల్స్‌గా మారుతుంది. మైటోకాండ్రియా దెబ్బతిని సైటోక్రోమ్ సి అనే ప్రొటీన్ బయటికి కారుతుంది, అది కణాన్ని విప్పే ఎంజైమ్‌ల్లో ఒకటైన కాస్పేజ్ 9ను, అది కాస్పేజ్ 3ను లేపుతుంది, ఆ తర్వాత కణం తనను తాను పద్ధతిగా విప్పుకుంటుంది. ఇది అపోప్టోసిస్. ఆకలి దారి వేరే చోట మొదలవుతుంది. అమైనో ఆమ్లం లేక, దాన్ని మోసే టీఆర్‌ఎన్‌ఏలు ఖాళీ చేతులతో తిరుగుతుంటే జీసీఎన్2 అనే ప్రొటీన్ పసిగట్టి, ప్రొటీన్ల తయారీ మొదలుపెట్టే ఈఐఎఫ్2 ఆల్ఫా మీద ఫాస్ఫేట్ అంటించి, ప్రొటీన్ల తయారీని ఆపేయిస్తుంది. కరువు కొద్దిగా అయితే కణం సర్దుకుంటుంది, చాలాసేపు ఉంటే అదే దారి చావు వైపు తిరుగుతుంది. వెస్టర్న్ బ్లాట్ (ఒక్కో ప్రొటీన్‌ను గుర్తుపట్టే పరీక్ష) చేసే సౌకర్యం ఉంటే కాటలేజ్ ఉన్న వెల్, లేని వెల్ రెండింట్లో ఫాస్ఫేట్ అంటిన ఈఐఎఫ్2 ఆల్ఫా చూడండి. కాకపోతే పెరాక్సైడ్ వల్ల కూడా ఆ ఫాస్ఫేట్ అంటుకోవచ్చు, అందుకే మళ్లీ కాటలేజ్ ఉన్న వెల్‌నే నమ్మండి.

పెరాక్సైడ్ మరీ ఎక్కువైతే పద్ధతైన చావు ఉండదు. కాస్పేజ్‌లు పనిచేయడానికి కావాల్సిన సిస్టీన్‌నే పెరాక్సైడ్ కాల్చేస్తుంది, ఇక కణం పగిలిపోవడమే, దాన్ని నెక్రోసిస్ అంటారు. అందుకే ఎక్కువ డోసులో కాస్పేజ్ 3 పెరగలేదని పిల్లలు కంగారు పడతారు. పడొద్దు, డోసు తగ్గించి చూడండి. అనెక్సిన్ వి, ప్రొపిడియం అయొడైడ్ అనే రెండు గుర్తులు కలిపి ఫ్లో సైటోమెట్రీ (కణాల్ని ఒక్కొక్కటిగా చూసి లెక్కించే పద్ధతి) చేయించగలిగితే మంచిది. అనెక్సిన్ మాత్రమే అంటితే తొలి దశ అపోప్టోసిస్, రెండూ అంటితే చివరి దశ కావచ్చు లేదా నెక్రోసిస్ కావచ్చు, ఆ రెండోదాన్ని చూసి "అపోప్టోసిస్" అని గట్టిగా రాసేయకండి. ఫ్లో లేకపోతే డీఎన్‌ఏ తీసి అగరోజ్ జెల్ మీద పరిగెత్తించండి, దాదాపు 180 బేస్‌పెయిర్ల ఎడంతో నిచ్చెన మెట్లు కనబడితే అపోప్టోసిస్ వైపు, మెట్లు లేకుండా అలికినట్టు ఉంటే నెక్రోసిస్ వైపు. ఎంటీటీ ఒక్కటే చేసి "అపోప్టోసిస్" అని టైటిల్‌లో పెట్టడం మాత్రం దయచేసి మానేయండి, ఎంటీటీకి చావు రకం తెలియదు.

కాటలేజ్ వేసినా చచ్చాయంటే అది ఆకలే అనుకోవడానికీ లేదు, ఇంకో దారి మిగిలి ఉంది. 2006లో మలయా పిట్ వైపర్ ఎంజైమ్‌ను జుర్కాట్ అనే లుకేమియా కణాల మీద వేసిన పరిశోధన ఒకటి ఉంది. కాటలేజ్ లేనప్పుడు నెక్రోసిస్ కనబడింది, కాటలేజ్ వేస్తే కణాలు బతికిపోకుండా అపోప్టోసిస్ వైపు మళ్లాయి. ఎంజైమ్ ఒంటిమీద చక్కెర గొలుసులు ఉంటాయి, వాటితో అది కణానికి అతుక్కుని లోపలికి పోతోందని వాళ్ల అభిప్రాయం. ఆ గొలుసుల చివరి సయాలిక్ ఆమ్లాన్ని తీసేస్తే చంపే శక్తి తగ్గింది. వాళ్లు పెట్టిన కంట్రోల్ నాకు చాలా ఇష్టం: డీ అమైనో యాసిడ్ ఆక్సిడేజ్. ఇదే రసాయన చర్య, చక్కెర గొలుసులు లేవు. అది పెరాక్సైడ్‌తో చంపింది కానీ, కాటలేజ్ వేశాక అపోప్టోసిస్ తేలేకపోయింది. మన ల్యాబ్‌ల బడ్జెట్‌లో కూడా ఇది చేయొచ్చు, ఎంజైమ్ కొనాలి, దానికి తిండిగా డీ అలనిన్ మీడియంలో కలపాలి, అంతే.

వట్టి ఆకలితో చంపే జంతు ఎంజైమ్ చూడాలంటే గినియా పంది దగ్గరికి వెళ్లాలి. 1953లో జాన్ కిడ్ గినియా పంది సీరం ఎలుకల్లో లింఫోమాను తగ్గిస్తుందని రాశాడు. ఆ సీరంలో పని చేసేది ఆస్పరాజినేజ్ అని 1960ల మొదట్లో బ్రూమ్ తేల్చాడు. ఇది ఆస్పరాజిన్‌ను ఆస్పార్టిక్ ఆమ్లంగా, అమ్మోనియాగా విరగ్గొడుతుంది, ఆక్సిజన్ జోలికి పోదు, పెరాక్సైడ్ ముచ్చటే లేదు. లుకేమియా కణాలు చాలావరకు ఆస్పరాజిన్‌ను సొంతంగా సరిపడా చేసుకోలేవు, బయటి నుంచి రావాలి, అది ఆగితే పడిపోతాయి. తర్వాత అంత ఎంజైమ్ గినియా పందుల నుంచి తీయలేక ఈ. కోలి బ్యాక్టీరియా ఎంజైమ్‌కు మారారు, పిల్లల లుకేమియాకు ఇప్పటికీ అదే మందు. మీ ప్లేట్‌లో ఆస్పరాజినేజ్ ఒక వెల్ పెడితే ఆకలికి పాజిటివ్ కంట్రోల్ అవుతుంది. దాని మీద కాటలేజ్ ప్రభావం ఉండకూడదు. ఉంటే మీ పిపెట్‌నో మీ సీసానో అనుమానించండి.

విషం ఎక్కడ దొరుకుతుందని అడిగేవాళ్లకు ఒక మాట. వరి కోతలప్పుడు పొలం గట్ల మీద రక్తపింజర కనబడుతుంది కదా, పాములు పట్టే అన్నను అడుగుదాం అనే ఆలోచన వద్దు. 1972 వన్యప్రాణి చట్టం కింద అనుమతి లేకుండా అది నేరం, పైగా ప్రాణం మీదికి వస్తుంది. లైసెన్స్ ఉన్నవాళ్ల దగ్గర, తమిళనాడులో పాములు పట్టే ఇరుళుల సహకార సంఘం లాంటి చోట్ల నుంచి సంస్థ ద్వారా తెప్పించుకోవాలి, లేకపోతే శుద్ధి చేసిన ఎంజైమే కంపెనీ నుంచి కొనాలి. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు రెండోదే మేలు, ముడి విషంలో ఫాస్ఫోలిపేజ్‌లు, ప్రొటియేజ్‌లు కూడా ఉండి ఎవరు చంపారో తెలియదు. ఇంకోటి, పాము కాటుకు కాటలేజ్ మందు కాదు. ఎవరికైనా కరిస్తే ఏమీ ఆలోచించకుండా పెద్దాసుపత్రికి, యాంటీవెనమ్‌కు.

ఆఖరుది నా సొంత బాధ. నేను పీహెచ్‌డీ మొదలుపెట్టినప్పుడు శుద్ధి చేసిన పాము ఎంజైమ్ వయల్ వచ్చింది, ఖరీదైన వస్తువు కదా అని భక్తిగా మైనస్ 20 ఫ్రీజర్‌లో పెట్టాను. మూడు వారాలు కణాలు హాయిగా పెరిగాయి, చావలేదు. కణాలు మారిపోయాయనుకున్నా, మీడియం మార్చా, సీరం మార్చా, టెన్షన్‌తో నిద్ర లేదు. అసలు సంగతేంటంటే గిలక పాము ఎల్‌ఏఏఓ గడ్డకడితే పని మానేస్తుంది, ఆ మైనస్ 20 దగ్గరే దానికి మరీ చేటు. ఆమ్ల పీహెచ్‌లో, 5 దగ్గర, వెచ్చబెడితే తిరిగి లేస్తుందని ఒక సీనియర్ అక్క చెప్తే చేసి చూశాను, చాలావరకు లేచింది. అప్పటి నుంచి ప్రతి వయల్‌నూ ప్లేట్ వేసే రోజు పొద్దున ముందు ల్యూసిన్, పెరాక్సిడేజ్, ఆర్థో డయానిసిడిన్‌తో కలిపి రంగు వస్తుందో లేదో చూస్తాను (గ్లవ్స్ లేకుండా ఆ డయానిసిడిన్ ముట్టకండి, క్యాన్సర్ తెచ్చే అనుమానం ఉన్న పదార్థం). ఐదు నిమిషాల్లో గోధుమ రంగు వస్తేనే హుడ్ లైట్ వేస్తాను. వయల్ 4 డిగ్రీల దగ్గర, ఫ్రిజ్ వెనక గోడకు తగలకుండా ముందు వరుసలో ఉంటుంది, మూత మీద మార్కర్‌తో "ఫ్రీజర్‌లో పెట్టొద్దు" అని రాసి ఉంటుంది, తెలుగులో, ల్యాబ్ సర్దే అక్కకు కూడా తెలియాలని.